మంట పెడితే చల్లబడే పెట్టె!

ఈ రోజుల్లో షూటింగ్ చూడ్డానికి వెళితే ముందు కంటబడేది కెమెరా కాదు, కారవాన్! హీరోగారికి ఒకటి, హీరోయిన్‌గారికి ఒకటి, డైరెక్టరుగారికి మరొకటి. లోపల ఏసీ, నిలువుటద్దం, సోఫా, ఓ మూల బుల్లి ఫ్రిజ్. షాట్ ఓకే అనగానే తలుపు మూసుకుంటుంది. లోపల చల్లటి కొబ్బరినీళ్లు సిద్ధం.

మా రోజుల్లో ఈ వైభోగం ఎక్కడిదండీ! చెట్టు నీడే మేకప్ రూమ్, అరుగే డైనింగ్ హాలు. ఎండలో హీరో మాడేవాడు, నిర్మాత మాడేవాడు, మేమూ మాడేవాళ్లం. మొత్తం యూనిట్‌లో చల్లగా ఉండే యోగం ఒక్కరికే ఉండేది. ఎవరికంటారా? ఫిలిం డబ్బాకి!

నేను 1970లలో కెమెరా అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి. నా పేరు చెబితే పాఠకులకు తెలియదు. టైటిల్స్‌లో మా పేర్లు వచ్చే సమయానికి మీరు సీటు వెతుక్కుంటూ ఉండేవారు. మా పని మేగజైన్లలో ఫిలిం ఎక్కించడం, దించడం, కాపలా కాయడం. కలర్ నెగెటివ్ విదేశాల నుంచి రావాలి. కోటా ప్రకారం దొరకాలి. నాలుగు వందల అడుగుల రోలు తిరిగేది నాలుగున్నర నిమిషాలే. దానికి వేడి తగిలిందా, రంగులు చెడతాయి. అందుకే ఔట్‌డోర్‌లో ఫిలిం డబ్బాలు ఐసుపెట్టెలో ప్రయాణం చేసేవి. ఆ పెట్టె పక్కన నేను!

1978 వేసవిలో గోదావరి మీద షూటింగ్. ఒకరోజు తీసిన రోళ్లన్నీ ఒకే పెట్టెలో సర్ది, రాత్రి రాజమండ్రిలో మద్రాసు వెళ్లే రైలెక్కాను. ఎండ భయంతో ఐసు రెండింతలు వేయించాను. తెల్లవారేసరికి ఐసు కరిగి పెట్టెలో చెరువు తయారైంది. డబ్బాల చుట్టూ చుట్టిన టేపు ఊడిపోయింది. లాబరేటరీలో తేలిందేమిటంటే - రెండు రోళ్లలోకి నీళ్లు వెళ్లాయి. ఇద్దరు పెద్ద నటులు మళ్లీ ఒకరోజు కాల్షీట్ ఇవ్వాల్సి వచ్చింది.

మా కెమెరామన్‌గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది! "ఒరేయ్, చల్లగా ఉంచమన్నాను, ముంచమన్లేదు. ఇంకోమాట, ప్రాణమంతా ఒకే పెట్టెలో పెట్టకు" అన్నారు. ఆ మర్నాటి నుంచి మా యూనిట్‌లో రెండు పెట్టెలు. ఈ కథ మా ఆవిడకి పెళ్లయిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వింటున్నట్టు తలూపేది. వినడం లేదనుకునేవాణ్ణి!

సరే, ఈ పాత రీలు ఇప్పుడెందుకు తిప్పుతున్నానంటే, నలభై ఒక్క సంవత్సరాల తర్వాత, 2019 అక్టోబరులో, అమెరికాలో ఆ ఐసుపెట్టె ఉద్యోగం మళ్లీ నాకే దక్కింది గనుక.

చక్రాల మీద సంసారం

మా అమ్మాయీ అల్లుడూ లాస్ ఏంజిల్స్ దగ్గర ఉంటారు. మేం వెళ్లిన ఏడాదే ఒక పాత ఆర్.వి. కొన్నారు. ఆర్.వి. అంటే కారవానే, కాకపోతే ఎవరి కారవాన్ వాళ్లే నడుపుకోవాలి. మంచాలు, గ్యాసు పొయ్యి, స్నానాల గది, నీళ్ల ట్యాంకు - అన్నీ అందులోనే. మనిషి ఎత్తులో ఫ్రిజ్ కూడా.

"మావయ్యగారూ, వారం రోజులు తిరిగొద్దాం. సినిమాలు తీసిన చోట్లన్నీ చూపిస్తాను" అన్నాడు అల్లుడు. నేను ఎగిరి గంతేశాను. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది.

"నా మందు సంగతేమిటి?"

ఆవిడకి షుగరు. పదేళ్లుగా ఇన్సులిన్ మీదే ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పెన్నులు అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాడకుండా దాచిన ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడెక్కితే గుణం తగ్గుతుంది. ఎడారిలో దారి మధ్య ఫ్రిజ్ ఆగిపోతే?

"ఆగదత్తయ్యా" అన్నాడు అల్లుడు. "కరెంటు లేకపోయినా నడుస్తుంది. గ్యాసు మంట మీద."

మా ఆవిడ అతనివైపు జాలిగా చూసింది. "మంట పెడితే చల్లబడుతుందా బాబూ?"

కూజా సూత్రం

చల్లబడుతుంది! అదే ఇందులో గమ్మత్తు. ఇంట్లో ఫ్రిజ్‌లో గుర్రుమనే కంప్రెసర్ ఉంటుంది. దీన్లో అది లేదు. తిరిగే మోటారు లేదు, చప్పుడు లేదు. 1922లో స్టాక్‌హోంలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు, వాన్ ప్లాటెన్, మ్యుంటెర్స్ అనేవాళ్లు, ఈ పద్ధతి కనిపెట్టారు. 1925 నుంచి ఎలక్ట్రోలక్స్ కంపెనీ ఇలాంటి ఫ్రిజ్‌లు తయారుచేసింది. సాక్షాత్తూ ఐన్‌స్టీన్ కూడా తన మిత్రుడు జీలార్డ్‌తో కలిసి కంప్రెసర్ లేని మరో రకం ఫ్రిజ్‌కి 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నారు. అదైతే మార్కెట్‌కి రాలేదు.

అల్లుడు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఫ్రిజ్ వెనకాల మూసేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద మంట నీళ్లలో కలిసున్న అమ్మోనియాని మరిగిస్తుంది. ఆవిరి పైకి వెళ్లి, బయటి గాలికి వేడి వదిలేసి, ద్రవం అవుతుంది. ఆ ద్రవం ఫ్రిజ్ లోపలి భాగంలో హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు పాలూ పెరుగుల్లోని వేడిని లాగేసుకుంటుంది. తర్వాత నీళ్లు ఆ అమ్మోనియాని పీల్చుకుని కిందికి జారతాయి. మళ్లీ మంట, మళ్లీ ఆవిరి.

అంతా విని మా ఆవిడ అంది - "ఆవిరైపోతూ వేడి లాగేస్తుందంటే మన మట్టికూజాయేగా! ఈ మాత్రం దానికి ఇంత బొమ్మా?"

అల్లుడు కాసేపు ఆలోచించి, "అవునత్తయ్యా, కూజాయే" అని ఒప్పుకున్నాడు.

ఈ ఫ్రిజ్‌కి మూడు దార్లు. క్యాంపులో కరెంటు ఉంటే కరెంటు మీద. లేకపోతే గ్యాసు మీద. బండి నడుస్తున్నప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద. ఈ మూడో దారి ఇంజను తిరుగుతున్నంత సేపే. ఇంజను ఆపి దాన్ని అలాగే వదిలేస్తే బ్యాటరీ మొత్తం తాగేస్తుంది. కొందరు దారి పొడుగునా గ్యాసు మీదే నడుపుతారట. మా అల్లుడు ఒప్పుకోడు. "బండి కదిలితే గ్యాసు బంద్" అన్నాడు. పెట్రోలు బంకులో మంట వెలుగుతూ ఉండకూడదు. గ్యాసు సిలిండరున్న బండిని కొన్ని సొరంగాల్లోకి అసలు రానివ్వరు.

"ఎప్పుడు ఏ మీట నొక్కాలో చూసుకునే మనిషి కావాలి" అని అల్లుడు చుట్టూ చూశాడు. అందరూ నావైపే చూశారు. ఐసుపెట్టె అనుభవం ఉన్నవాణ్ణి నేనేగా!

తొలి షాట్: పెరుగు గిన్నె

బయల్దేరడానికి ముందురోజే ఫ్రిజ్‌ని ఇంటి కరెంటుకి తగిలించాం. ఇంటి ఫ్రిజ్‌లా గంటలో చల్లబడే రకం కాదు. ఒక రాత్రంతా కావాలి. లోపల పెట్టేవి కూడా ముందే ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరిచి పెట్టాలి. వేడి సాంబారు పెడితే దాన్ని చల్లార్చడానికే దాని పొద్దంతా సరిపోతుంది.

మా ఆవిడ పులిహోర, గోంగూర పచ్చడి, కందిపొడి, నాలుగు లీటర్ల పాలు, గిన్నెడు పెరుగు తయారుచేసింది. నేను సినిమా సామాన్లు సర్దినట్టు సందు లేకుండా కుక్కాను. అల్లుడు చూసి సగం తీయించాడు. గాలి తిరగడానికి సందుండాలట. ఫ్రిజ్ లోపల చల్లదనం పుట్టేది వెనక గోడకున్న అల్యూమినియం రెక్కల దగ్గర. అక్కణ్ణించి గాలే దాన్ని మోసుకురావాలి. గాలికి దారి మూసేస్తే ముందు వరస వేడిగానే ఉంటుంది. ఇన్సులిన్ పెన్నులు రెండు చిన్న స్టీలు డబ్బాలో పెట్టి మధ్య అరలో ఉంచాను. ధర్మామీటరు కూడా ఒకటి పెట్టాం.

లూసిల్ బాల్ నటించిన 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' అనే 1954 నాటి చిత్రం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. కదిలే ట్రెయిలరులో ఆవిడ వంట చేయబోతే సామాన్లన్నీ మీదపడతాయి. హాల్లో కూర్చుని చూస్తే నవ్వొస్తుంది. మొహావీ ఎడారిలో రెడ్ రాక్ కాన్యన్ మలుపు తిరుగుతుంటే మా ఫ్రిజ్ తలుపు తెరుచుకుని పెరుగు గిన్నె నా ఒళ్లోకి వచ్చినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. గొళ్లెం వేయనిది ఎవరు? ఫ్రిజ్ మంత్రినైన నేనే!

ఫ్రేము కోసం పోయిన పాలు

సాయంత్రానికి లోన్ పైన్ చేరాం. చిన్న ఊరు. పడమటి వైపు విట్నీ శిఖరం, ఎత్తు 14,505 అడుగులు. అలాస్కా, హవాయిలని వదిలేస్తే అమెరికాలో అంతకన్న ఎత్తైన కొండ లేదు. దాని ముందు గుండ్రాళ్లు పేర్చినట్టుండే ఆలబామా హిల్స్. సినిమా వాళ్లకి ఆ రాళ్లంటే ప్రాణం. కౌబాయ్ చిత్రాలు అక్కడ కొల్లలుగా తీశారు. ఆ మధ్య నుంచి పోయే మట్టిరోడ్డు పేరే మూవీ రోడ్! 1939లో కేరీ గ్రాంట్ నటించిన 'గంగాదీన్' కథ జరిగేది మన బ్రిటిష్ ఇండియా సరిహద్దులో. తీసింది ఇక్కడ. 2008లో వచ్చిన 'ఐరన్ మేన్'లో ఆఫ్ఘనిస్తాన్ కూడా ఇదే. రాళ్లకి కూడా డబుల్ యాక్షన్!

నాలో నిద్రపోతున్న కెమెరా అసిస్టెంటు లేచాడు. తెల్లవారుజామున విట్నీ మీద పడే తొలి ఎండ, పడక దగ్గరి కిటికీలోంచి నేరుగా కనిపించాలి. బండిని అటు తిప్పించాను, ఇటు తిప్పించాను. "ఇంకాస్త వెనక్కి... ఇంకాస్త..." అల్లుడు పాపం నా ఫ్రేము కుదిరేదాకా తిప్పాడు. చీకటి పడింది. ఫ్రిజ్‌ని గ్యాసు మీదికి మార్చి పడుకున్నాం.

తెల్లవారింది. కిటికీ నిండా విట్నీ. బంగారు పూత పూసినట్టుంది. జన్మలో మరిచిపోలేను.

"ఏమండీ, పాలు చూశారా?" అంది మా ఆవిడ.

గ్లాసులో పోసి చూపించింది. గోరువెచ్చగా కాకపోయినా, చల్లగా లేవు. ధర్మామీటరు 54 చూపిస్తోంది. ఫారెన్‌హీట్‌లో 40 దాటకూడదు, అంటే మన లెక్కలో నాలుగు డిగ్రీలు. మంట వెలుగుతూనే ఉంది. గ్యాసు ఉంది. మరి ఏమైంది?

అల్లుడు ఒక చిన్న రసమట్టం తెచ్చి ఫ్రిజ్ లోపలి అర మీద పెట్టాడు. బుడగ ఒక మూలకి పోయి కూర్చుంది. బండి పక్కకి ఒరిగి ఉంది!

ఈ ఫ్రిజ్‌లో పంపు లేదని చెప్పానుగా. ద్రవం కిందికి జారేది కేవలం వాలు మీద. బండి ఒక పక్కకి మూడు డిగ్రీలకు మించి ఒరిగి నిలబడితే ద్రవం గొట్టాల్లో ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది. అలాగే గంటల తరబడి సాగితే తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం ఎండి, గొట్టాలకు అడ్డం పడుతుంది. ఇక ఆ ఫ్రిజ్ పని సరి. బండి నడుస్తున్నప్పుడు ఈ బాధ లేదు. ఊగుతూ ఉంటుంది గనుక ద్రవం ఎక్కడా నిలవదు. ఆగినప్పుడే జాగ్రత్త.

నాకు సిగ్గేసింది. మేం ట్రైపాడ్ మీద బుడగ మధ్యకి రాందే షాట్ పెట్టేవాళ్లం కాదు. జీవితమంతా బుడగ చూసినవాణ్ణి, ఆ రాత్రి ఫ్రేమొకటే చూశాను.

ఒక పక్క చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమం చేశాం. ఫ్రిజ్ ఆపి, కొన్ని గంటలు చల్లారనిచ్చి, మళ్లీ వెలిగించాం. పాలు పారబోశాం. ఊళ్లో ఐసు కొని ఒక వెడల్పు మూతి ఫ్లాస్కులో వేసి, పెన్నుల డబ్బాని తువ్వాలులో చుట్టి, ఐసు నేరుగా తగలకుండా అందులో పెట్టాం. ఒక రాత్రి 54 డిగ్రీల్లో ఉన్నంత మాత్రాన ఆ మందు పాడైపోదని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, ఊళ్లో ఉన్న పాశ్చాత్య చిత్రాల మ్యూజియంలో పాత తుపాకులూ జీన్లూ చూస్తున్నా, నా మనసంతా ఆ ఫ్లాస్కు మీదే.

సాయంత్రానికి బండి దగ్గరికొచ్చి తలుపు తీశాను. 44. పడుకునే ముందు 39. అల్లుడు నా భుజం తట్టాడు.

సముద్రం కంటే కింద

మూడోరోజు డెత్ వ్యాలీ. పేరులోనే చావు ఉంది. అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 1913 జులై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో దాదాపు 57! బ్యాడ్ వాటర్ అనే చోటు సముద్ర మట్టానికి 282 అడుగులు కింద. 1977 నాటి 'స్టార్ వార్స్'లో కొన్ని ఎడారి దృశ్యాలు ఈ లోయలోనివే. అంతోనియోనీ 1970లో తన చిత్రానికి ఇక్కడి జబ్రిస్కీ పాయింట్ పేరే పెట్టుకున్నాడు.

అక్టోబరైనా రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. ఈ ఫ్రిజ్ తన వేడిని వెనక నున్న చిల్లుల పలకల్లోంచి బయటికి వదలాలి. బయటి గాలే వేడైతే ఎక్కడికని వదులుతుంది? అందుకే ఫ్రిజ్ ఉన్న పక్క ఎండ తగలకుండా బండి నిలపాలి. సాయంత్రపు ఎండ మరీ చెడ్డది. వెనకాల చిన్న ఫ్యాను ఒకటి అల్లుడు ముందే బిగించి ఉన్నాడు. తలుపు తీయడం రోజుకి నాలుగుసార్లే అని రేషన్ పెట్టాను. ఏ అరలో ఏముందో కాగితం రాసి తలుపు మీద అంటించాను. తలుపు తీసి పట్టుకుని ఆలోచించడం నిషేధం!

చల్లదనం మీట ఒకటి నుంచి అయిదు వరకు ఉంటుంది. దాన్ని అయిదుకి తిప్పేశాను. లోన్ పైన్ భయం ఇంకా పోలేదు. ఫ్లాస్కులోంచి పెన్నుల డబ్బా తీసి, అన్నిటికంటే చల్లటి చోటు ఏదా అని వెతికి, సరిగ్గా ఆ అల్యూమినియం రెక్కలకి ఆనించి పెట్టాను. ఇక నిశ్చింత అనుకున్నాను.

పాఠకులు ఇక్కడే గమనించాలి. రెండింతల ఐసు వేయించిన 1978 కుర్రాడు ఇంకా నాలో బతికే ఉన్నాడు.

గడ్డకట్టిన రాత్రి

నాలుగోరోజు అక్కణ్ణించి మామత్ లేక్స్‌కి ప్రయాణం. పొద్దున సముద్రం కంటే కింద ఉన్నవాళ్లం, సాయంత్రానికి దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నాం. ఒకే రీల్లో ఎండాకాలం, శీతాకాలం! అయిదున్నర వేల అడుగులు దాటాక గాలి పలచబడి ఈ ఫ్రిజ్‌ల గ్యాసు మంట సరిగ్గా నిలవకపోవచ్చట. అందుకని అల్లుడు కరెంటు ఉన్న పార్కు చూసుకున్నాడు. బండి ఆపగానే నేను దిగి రసమట్టం పెట్టాను. బుడగ మధ్యలో ఉంది. కరెంటు తగిలించాను. దీపం వెలిగింది. గొళ్లెం వేశాను. అన్నీ చేశాను, ఒక్కటి తప్ప. మీట అయిదు మీదే ఉండిపోయింది.

రాత్రి బయట నీళ్లు గడ్డకట్టే చలి. ఎడారి వేడి కోసం పెట్టిన అయిదు నంబరు, ఆ చలిలోనూ తన పని తాను చేసుకుపోయింది.

పొద్దున్నే పాల డబ్బా తీస్తే గడగడ చప్పుడు. పాలు ఐసైపోయాయి. నా గుండె ఝల్లుమంది. రెక్కల దగ్గరున్న స్టీలు డబ్బా లాగితే రాలేదు. మంచుతో అతుక్కుపోయింది. ఊడబెరికి మూత తీశాను. పెన్నులు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి.

అమ్మాయి మందుల షాపుకి ఫోన్ చేసింది. ఫార్మసిస్టు ఒక్క మాటే చెప్పాడట - గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు. కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించవచ్చు, అయినా సరే, పారేయాల్సిందే.

వేడి వస్తుందని నాలుగు రోజులు కాపలా కాశాను. దొంగ రెండో గుమ్మంలోంచి వచ్చాడు! ఇల్లు మూడు వందల మైళ్ల దూరం. ఈ దేశంలో డాక్టరు చీటీ, ఇన్సూరెన్సు, లెక్కలు అన్నీ వేరు. నేను మెట్టు మీద కూలబడ్డాను.

"ఎందుకండీ అలా అయిపోతారు?" అంటూ మా ఆవిడ తన చేతిసంచీ తెరిచింది. లోపల్నించి తడి జేబురుమాలు చుట్టిన చిన్న డబ్బా తీసింది. అందులో మూడో పెన్ను!

రోజూ వాడుతున్నది అదే. వాడకం మొదలుపెట్టిన పెన్ను, ఆవిడది ఏ రకమో దానికి, ముప్పై డిగ్రీలు మించకపోతే ఫ్రిజ్ బయటే నాలుగు వారాలు ఉండవచ్చు. అది ఫ్రిజ్‌లోనే ఉందని నేననుకుంటున్నాను. డెత్ వ్యాలీలో కూడా ఆవిడ దాన్ని తడిగుడ్డ చుట్టి, ఏసీ తగిలే చోట తన పక్కనే పెట్టుకుందట. ఎడారి పొడిగాలికి గుడ్డలో తడి ఆరుతూ డబ్బాని చల్లగా ఉంచింది. కూజా సూత్రం!

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నలభై ఏళ్లుగా మీరేగా చెబుతున్నారు, ప్రాణమంతా ఒకే పెట్టెలో పెట్టకూడదని!"

అల్లుడూ అమ్మాయీ పగలబడి నవ్వారు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. మా కెమెరామన్‌గారు ఇప్పుడు లేరు. ఉంటే ఆ మాట ఆయనకి ఉత్తరం రాసి ఉండేవాణ్ణి.

ఇక అసలు లెక్క

మన వాళ్లు చాలామంది ఇప్పుడు పిల్లల దగ్గరికి వెళ్లి ఈ బళ్లలో తిరుగుతున్నారు. వారికోసం నా నోటుబుక్కులోంచి నాలుగు ముక్కలు.

బయల్దేరే ముందురోజే ఫ్రిజ్ వేయండి. చల్లటివే లోపల పెట్టండి. గాలికి సందు వదలండి. తలుపు రబ్బరు సరిగా ఉందో లేదో చూడాలంటే మధ్యలో ఒక నోటు పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే చల్లదనం కూడా అలాగే జారిపోతోందన్నమాట.

బండి ఆగగానే మొదటి పని బుడగ చూడడం. రెండో పని మీట మార్చడం. కదిలే ముందు గొళ్లెం, గ్యాసు. బంకు దగ్గర మంట ఆర్పిన తర్వాతే పెట్రోలు.

చల్లదనం నంబరు ఊరూరికీ మారుతుంది. ఎడారి నంబరు కొండమీద పనికిరాదు. మందులు మధ్య అరలోనే, రెక్కలకి దూరంగా ఉండాలి. ధర్మామీటరు లేని ఫ్రిజ్‌ని నమ్మవద్దు.

ఫ్రిజ్ వెనకాల పసుపు మరక కనిపించినా, ముక్కు అదిరే అమ్మోనియా వాసన వచ్చినా రిపేరు మీరు చేయకండి. ఆపేసి, అందరూ కిందికి దిగి, తెలిసినవాణ్ణి పిలవండి. వంట గ్యాసు గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. ఆ వాసన పసిగట్టే పరికరాన్ని గోడ అడుగున బిగించేది అందుకే. దాన్ని సామాన్లతో కప్పకండి.

కొత్త బళ్లలో ఇప్పుడు పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు ఎక్కువగా వస్తున్నాయి. బండి కాస్త ఒరిగినా పట్టించుకోవు, త్వరగా చల్లబడతాయి, మంట అక్కర్లేదు. కాకపోతే వాటి ప్రాణం బ్యాటరీలో ఉంటుంది. పైన సోలార్ పలకలు పెట్టుకుని, బ్యాటరీ ఎంత మిగిలిందో చూసుకుంటూ ఉండాలి. యంత్రం మారింది, కాపలా మారలేదు.

మా అల్లుడు కూడా 2022లో పాత ఫ్రిజ్ తీయించి కొత్తది పెట్టించాడు. మొన్న ఫోన్లో అన్నాడు - "మావయ్యగారూ, ఇప్పుడు బండి ఎలా తిప్పినా ఫర్వాలేదు. విట్నీ కిటికీ మధ్యలోకి వచ్చేలా పెడతాను, మళ్లీ రండి."

వస్తానన్నాను. రసమట్టం మాత్రం నా పెట్టెలో పెట్టుకున్నాను. మా ఆవిడ తన చేతిసంచీలో రెండు జేబురుమాళ్లు సర్దుకుంటోంది.